ఉప్పల, నాచారముల పాతవీథులు: గ్రామనామముల సాక్ష్యము

గ్రామచరిత్రము వ్రాయఁబూనినవారు మొట్టమొదట శాసనమును వెదకుదురు. శాసనము దొరకనిచోఁ గైఫీయతును, అదియు లేనిచో వృద్ధుల వాక్కును ఆశ్రయింతురు. హైదరాబాదు చుట్టుపట్ల నున్న పల్లెల విషయమున నీ క్రమము తఱచుగా మొదటి మెట్టుననే యాగిపోవును. కర్నలు మెకంజీ కూర్పించిన కైఫీయతులలో నధికభాగము కోస్తా, రాయలసీమ గ్రామములకు సంబంధించినవి. తెలంగాణమునకు వచ్చిన పాలు స్వల్పము. ఇందువలన నీ పల్లెలకుఁ జరిత్రమే లేదను నభిప్రాయము కొందఱిలో నాటుకొన్నది.

నగరమునకుఁ దూర్పున ఓరుగల్లుబాటపై నున్న ఉప్పలయు, దాని కుత్తరమున మౌలాలికొండ వైపునఁ గల నాచారమును ఈ యభిప్రాయమునకు లోఁబడిన యూళ్లే. నేఁ డీ రెండును మహానగరమునఁ గలిసిపోయినవి. బాటపైఁ గంటికిఁ గనఁబడునవి మేడలు, కార్ఖానాలు, మెట్రోరైలు స్తంభములు. అయినను ఈ వీథులలో సాక్ష్య మొకటి మిగిలియున్నది. అది పేరు. ఊరిపేరు, వాడపేరు, చెఱువుపేరు, గడ్డపేరు, ఇవి యన్నియు నొక్కొక్క కాలమునఁ బుట్టి పొరమీఁదఁ బొరగా నిలిచియున్నవి. పేరు సాక్ష్యమగుట కొక నియమము కలదు. శబ్దశాస్త్రము చూపు మార్గమున దానిని బరీక్షింపవలెను గాని, ముందుగా మనసునఁ బెట్టుకొన్న కథకుఁ దగినట్లు విఱువరాదు. ఈ నియమమును బాటించినచో ఉప్పల, నాచారముల పేళ్లు రెండు విషయములను స్పష్టముగాఁ జెప్పును: ఏ పేరు వీథిలోఁ బుట్టినదో, ఏ పేరు కచేరిలోఁ బుట్టినదో.

వీథి యను పదమే యీ పొరలకు మంచి యుదాహరణము. సంస్కృతమున వీథి యనఁగా మొదట వరుస, పంక్తి. ఇండ్లవరుసల నడుమ నేర్పడిన మార్గమునకు నదియే పేరైనది. వాటశబ్దము కంచెచేఁ జుట్టఁబడిన చోటును జెప్పును. ప్రాకృతమున నది వాడయై, తెలుఁగున నొక వృత్తివారో యొక కులమువారో కలిసి వసించు పేటకు వాచకమైనది. దానినుండియే తెలంగాణమున వాడకట్టు అను మాట పుట్టినది. ఒక వాడలోని యిండ్లవారందఱును ఒక వాడకట్టువారు. బజారు పారసీకము. గల్లీ హిందుస్థానీ. తెలంగాణపుఁ బల్లెలో నీ నాలుగు మాటలును నొకే బాటను గుఱించి యొకే పూఁట వినవచ్చును. ఏ భాషవారు ఎప్పుడు వచ్చిరో చెప్పు శాసనము లేకున్నను, వచ్చినవారందఱును ఆ బాటను ద్రొక్కిరనుటకు నీ మాటలే చాలును.

తెలంగాణ గ్రామముల కట్టుబడిలో నొక పోలిక యుండును. ఊరి నడుమ బొడ్రాయి నిలుచును. బొడ్డు, రాయి యను రెండు శబ్దములు చేరి యేర్పడిన యీ మాటకు నాభిశిల యని యర్థము. దానిని నాటి యూరు కట్టిరనియు, ఊరి క్షేమ మంతయు దానియందే కలదనియు జనుల విశ్వాసము. బొడ్రాయి కడనుండి వీథులు సాగి, వృత్తులను బట్టి వాడలుగాఁ జీలును. ఊరి పొలిమేరను బోచమ్మయు, చెఱువుకట్టపై కట్టమైసమ్మయు నుందురు. పన్నులలెక్క పట్వారిది, ఊరికట్టు పటేలుది. వీరి చావడి వీథిలో ముఖ్యమైన తావు. 1984లో పటేలు పట్వారి పద్ధతి రద్దు చేయఁబడుటతోఁ జావడికి పని పోయినది. పని పోయిన చావడి శిథిలమగును; కాని చావడివీథి యను పేరు అటుపిమ్మటఁ గూడ నొక తరమువఱకు బ్రదుకును. కట్టడముకంటెఁ బేరు దీర్ఘాయువు గలదనుట కిది నిదర్శనము.

ఇఁక ఊరిపేరు. ఉప్పల యను నామమును గుఱించి ముఖ్యముగా రెండు వ్యుత్పత్తులు చెప్పఁదగియున్నవి. ఒకటి ఉత్పలశబ్దమునుండి, రెండవది ఉప్పునుండి. సంస్కృతమునందలి త్ప యను సంయుక్తాక్షరము ప్రాకృతమున ప్ప యగుట నియతము. బౌద్ధవాఙ్మయమునఁ బ్రసిద్ధురాలగు ఉత్పలవర్ణ యను భిక్షుణి పేరు పాళీభాషలో ఉప్పలవణ్ణా యని యున్నది. కావున ఉత్పలము ఉప్పల యగుటకు శబ్దశాస్త్ర మడ్డుచెప్పదు. ఉప్పునుండి సాధింపఁదలఁచిన వారికి ఉప్పుల యను బహువచనపు టౌపవిభక్తికరూపమును మొదటఁ జూపి, పిదప నడిమి యుత్వము అత్వముగా మాఱుటను సమర్థింపవలసి వచ్చును. రెండు వ్యుత్పత్తులలో మొదటిదే తక్కువ క్లేశముతో సిద్ధించుచున్నది.

ఇచ్చట నొక ప్రలోభము పొంచియున్నది. ఉత్పల మనఁగా నల్లకలువ. ఉప్పలలో నల్లచెఱువు కలదు. కావున నల్లకలువలు పూచిన చెఱువువలననే యూరికిఁ బేరు వచ్చినదని చెప్పుట సులభము, వినుటకు నింపు. కాని నల్లచెఱువు ఉప్పలకు మాత్రమే సొంతముగాదు. కూకటుపల్లిలోను నల్లచెఱువు కలదు, అచ్చట ఉప్పల లేదు. అట్లే ఉప్పల యను నామమును ఈ యొక్క యూరికే చెందినది గాదు. కాజీపేట, జమ్మికుంటల నడుమ రైలుబాటపై మఱియొక ఉప్పల కలదు. కోస్తాలో ఉప్పలపాడు, ఉప్పలూరు, ఉప్పలగుప్తము అను గ్రామములు గలవు. తెలంగాణమున ఉప్పలమ్మ యను గ్రామదేవతకు గుడులు గలవు. ఒక పేరు పలుచోట్ల నున్నపుడు, ఒక్క చెఱువును జూపి చెప్పిన కథ దానికిఁ జాలదు. పేరును వివరించువారు ఆ పేరుగల యూళ్ల నన్నింటిని వరుసగా నిలిపి చూడవలెను.

ఇంతకంటె బలమైన ప్రలోభము మఱియొకటి కలదు. మూసీనదికి దక్షిణపుటొడ్డున, ఉప్పలకుఁ గొలఁది మైళ్ల దూరమున, చైతన్యపురిలో నొక గుండుపై బ్రాహ్మీలిపిలోఁ బ్రాకృతశాసనము కలదు. దానిని 1980వ పడిలో పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు పండితలోకమునకుఁ దెలియఁజేసిరి. అది గోవిందరాజవిహారమును బేర్కొనుచున్నది. ఆ గోవిందుని విష్ణుకుండి గోవిందవర్మగాఁ జరిత్రకారులు గుర్తించిరి. క్రీస్తుశకము నాలుగైదు శతాబ్దుల నాఁటి యీ శాసనము హైదరాబాదు నగరపరిధిలో దొరకిన వానిలోఁ బ్రాచీనతమము. నది కొక యొడ్డునఁ బ్రాకృతము వ్రాయించిన బౌద్ధవిహారము. రెండవ యొడ్డున నుత్పలమునకుఁ బ్రాకృతరూపమగు నామముగల యూరు. ఈ రెండింటిని ముడివేసి, ఉప్పల బౌద్ధుల నాఁటి గ్రామమని తీర్మానింపవలె నను కోరిక యెవరికైనను గలుగును.

ఆ తీర్మానము నిలువదు. తద్భవశబ్దము కాలమును నిర్ణయింపఁజాలదు. ప్రాకృతమునుండి తెలుఁగులోనికి వచ్చిన మాట, ప్రాకృతము పలుకువారు పోయిన పిదపఁ గూడ వేయేండ్లు తెలుఁగుమాటగనే వాడుకలో నుండును. ఆ వేయేండ్లలో నెప్పుడైనను దానితో నొక యూరికిఁ బేరిడవచ్చును. అదియుఁగాక విష్ణుకుండుల కాలముననే యీ ప్రాంతమున జనుల భాష తెలుఁగని చెప్పుటకు సాక్ష్యము కలదు. ఉప్పల కీశాన్యమునఁ గల కీసరగుట్టపై ఱాతిమీఁద తొలుచువాండ్రు అను తెలుఁగుమాట చెక్కఁబడియున్నది. విహారమున శాసనము ప్రాకృతమున నుండఁగా, ఱాయి తొలుచువారు తమ్ముఁ దాము తెలుఁగునఁ జెప్పుకొనిరి. చైతన్యపురి శాసనము ఈ నేలపై పదునైదువందల యేండ్లకుఁ బూర్వమే విద్యయు, దానమును, బిక్షువుల రాకపోకలును గలవని చెప్పుచున్నది. ఉప్పలకు నీ పొరుగు గొప్పది. ఆ గొప్పతనముఁ జాటుటకు ఊరిపేరును సాక్షిగాఁ బిలువ నక్కఱలేదు.

పేరు వయస్సు తేలకున్నను, పేళ్లలో నేది ముందో యేది వెనుకో తేల్చుట సాధ్యము. ఉప్పలకుఁ దూర్పుననే బోడుప్పల యను గ్రామము కలదు. బోడు అను పదముతో ఉప్పల చేరఁగా ఉత్వసంధిచే బోడుప్పల యగును. బోడ యని గ్రహించినను అత్వసంధిచే నదియే రూపము. చెట్టుచేమలు లేనిదియో మిట్టగా నున్నదియో యగు ఉప్పల యని భావము. ఇందు విశేషణముచే వేఱుపఱుపఁబడినది పువ్వు గాదు, ఊరు. అనఁగా ఈ సమాసము పుట్టునాఁటికే ఉప్పల యనునది తన మూలార్థమును విడిచి యూరిపేరుగా రూఢమైయున్నది. కావున ఉప్పల ముందు, బోడుప్పల వెనుక.

సర్కారు లెక్కలలో నీ యూరికి ఉప్పల్ కలాన్ అను పేరు గలదు. పారసీకమునఁ గలాన్ అనఁగాఁ బెద్దది. దానికిఁ బ్రతియోగి ఖుర్ద్, చిన్నది. ఇందు గమనింపవలసినది పదముల వరుస. తెలుఁగున విశేషణము ముందు, విశేష్యము వెనుక: పెద్దచెఱువు, నల్లచెఱువు, బోడుప్పల. పారసీకమున విశేష్యము ముందు, విశేషణము వెనుక: ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖాల్సా. ఊరివారే పెద్ద యని చెప్పఁదలఁచినచో పెద్దుప్పల యనియుందురు. కావున బోడుప్పలను బుట్టించినది వీథి. ఉప్పల్ కలానును బుట్టించినది కచేరి. పేరు చివరి యచ్చును గోల్పోవుటయు నీ విషయమునే చెప్పుచున్నది. తెలుఁగుమాట అజంతము. ఉప్పల ఉప్పల్ అగుటయు, ఓరుగల్లు వరంగల్ అగుటయు, పురము పూర్ అగుటయు, హ్రస్వమగు తుదియచ్చును వ్రాయని లిపిలో లెక్కలు నడచినందునఁ గలిగిన మార్పులు. రామంతాపూర్, మల్లాపూర్ అను పొరుగుపేళ్లు నిట్టివే.

కచేరిపేళ్లను దిరస్కరింపవలెనని దీని భావము గాదు. అవి నేలను గుఱించి చెప్పు సాక్ష్యము వేఱొకచోట దొరకదు. ఖాల్సా యనఁగా పన్ను నేరుగా సర్కారుకుఁ జెందు భూమి. జాగీరుదారుని చేతిలోనిది కానిది. నైజాము పాలనలో భూములు మూఁడు తెఱఁగులు: వానపై నాధారపడునది ఖుష్కి, చెఱువునీటితోఁ బండునది తరి, బావినీటితో పెంచు తోటభూమి బాగాతు. బాగ్ అను పారసీకశబ్దమునకు అరబ్బీ బహువచనప్రత్యయము చేరి బాగాతు అయినది. బాగాయతు దాని రూపాంతరము. ఉప్పలలో మూసీ వైపునఁ గల గ్రామభాగమునకు ఉప్పల్ బాగాయతు అని పేరు. నేఁడు దానిని భగాయత్ అని వ్రాయుచున్నారు. భకారము పారసీకములో లేదు. సంస్కృతమందలి భాగశబ్దపు భ్రాంతిచే వచ్చి చేరినది. ఒత్తు చేరినంతమాత్రమునఁ జెవి కేమియుఁ దోఁపదు గాని యర్థము పోయినది. బాగాయతు అన్నచోఁ దోటలు కనఁబడును. భగాయత్ అన్నచో నేమియుఁ గనఁబడదు. అచ్చటి నేల మెట్రోరైలు మొదలగు పనుల కొఱకు సేకరింపఁబడి, 2019లో నిండ్లస్థలములుగా వేలము వేయఁబడినది. తోటలు పోయిన పిదప, తోటలుండె నని చెప్పునది యా పేరొక్కటియే.

నాచారమునకు వచ్చినచో, నాచు పట్టిన చెఱువువలన నీ పేరు వచ్చిన దనువారు గలరు. నాంచారు దేవివలన ననువారును గలరు. ఇచ్చటఁ గూడ వరుసనే యాశ్రయింపవలెను. తెలంగాణమున రుద్రారము, అన్నారము, జిన్నారము, బొల్లారము అను నూళ్లు గలవు. వీని చివరి ఆరము ఏమి? రుద్రవరము, అన్నవరము అను నామములతోఁ బోల్చి చూచినచో, నడిమి వకారము లోపించి రెండచ్చులు దీర్ఘముగాఁ గలిసినవని తెలియును. వరము పురమునుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. ఈ వరుసలో మొదటి పదము తఱచుగా దేవుని పేరో మనుజుని పేరో యగును. నాచ, నాచన యనునవి పూర్వకాలమున మనుజులకుఁ గల పేళ్లే. పదునాలుగవ శతాబ్దిలో ఉత్తరహరివంశమును రచించిన సోమకవి నాచన సోముఁడుగనే ప్రసిద్ధుఁడు. కావున నాచవరము నాచారమైనదనుట వరుసకుఁ దగియున్నది. సిద్దిపేట జిల్లాలో నరసింహస్వామి గుట్టతోఁ బ్రసిద్ధమైన మఱియొక నాచారము గలదు. ఒక చెఱువులోని నాచు ఆ రెండవ నాచారమున కెట్లు పేరు నిచ్చును?

ఉప్పల, నాచారముల నడుమను, చుట్టును గల పేటల పేళ్లలో భిన్నభాషల కలయిక యింకను స్పష్టము. హబ్సీగూడ యందు మొదటిపదము హబ్షీ, అనఁగా ఆఫ్రికాఖండమునుండి వచ్చి యిచ్చటి ప్రభువుల కొలువునఁ జేరినవారు. పీర్జాదిగూడ యందు మొదటిపదము పీరుల సంతతిని జెప్పును. రెండింట నుత్తరపదము గూడ, అది అచ్చతెలుఁగు. విశేషణము ముందు, విశేష్యము వెనుక నుండుటచే వీనిని గట్టినది తెలుఁగు నాలుకయే యని నిశ్చయింపవచ్చును. కొత్తగా వచ్చి గుడిసెలు వేసికొన్నవారికిఁ బొరుగువారు పెట్టిన పేళ్లివి. కావ్యమునఁ గనఁబడినచో లాక్షణికు లిట్టి కూర్పును వైరిసమాస మని నిందింతురు. వీథిలో నా వైరము లేదు. బీరప్పగడ్డ యను పేట ఉప్పలలో నేఁటికిని గలదు. బీరప్ప కురుమలకుఁ గులదైవము; గడ్డ యనఁగా మెఱకనేల. గొఱ్ఱెలకాపరుల ఉనికిని, నేల యెత్తుపల్లములను ఒకే మాట భద్రపఱచినది.

నాచారమున కుత్తరమున మౌలాలికొండ కలదు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబుషాహి కాలమున, హిజ్రీ 986లో, అనఁగా క్రీ.శ. 1578లో, యాకూతను రాజోద్యోగికిఁ గలిగిన స్వప్నమువలన నీ కొండపై దర్గా వెలసినదని యైతిహ్యము. రజబు నెల పదునేడవ దినమున నచ్చట నుత్సవము జరుగును. ఈ ఇబ్రహీమునే తెలుఁగుకవులు మల్కిభరాముఁ డని కీర్తించిరి. ఆయన నాఁటి పటాంచెఱువు పాలకుఁడగు అమీనుఖానునకే పొన్నిగంటి తెలగన తన యయాతిచరిత్ర నంకిత మిచ్చెను. అది మొదటి యచ్చతెలుఁగు కావ్యము. లెక్కలలోఁ బారసీకము వ్యాపించిన కాలముననే, ఆ కొలువులోని సర్దారు అచ్చతెలుఁగు కావ్యమును గోరి వినెను. కచేరి వేఱు, వీథి వేఱు అయినను, వాని నడుమ రాకపోకలు గలవనుట కిది ప్రమాణము.

వీథి భాగ్యమును మార్చినది బాట. ఉప్పల మీఁదుగా ఘటకేసరము, బీబీనగరము, భువనగిరి దాఁటి ఓరుగల్లునకుఁ బోవు మార్గము నేఁటి 163వ జాతీయరహదారి. బండ్లు నడచునన్ని నాళ్లు బాటపై నున్న వీథికిఁ బ్రాముఖ్య ముండెను. 1874లో వాడీ సికింద్రాబాదుల నడుమ రైలు వచ్చినది. 1886లో నది ఓరుగల్లునకును, 1889లో బెజవాడకును సాగినది. ఆ రైలుబాట ఉప్పలను దాఁకక, నాచారమున కుత్తరమున మౌలాలి మీఁదుగాఁ బోయినది. దూరపు సరకు రైలెక్కఁగా, రైలునకు దగ్గఱగానున్న నాచారము వైపున నిరువదవ శతాబ్ది యుత్తరార్ధమునఁ గార్ఖానాలు వెలసినవి. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము పడమటనుండి సమీపింపఁగా, ఉప్పలబాటపై 1961లో జాతీయ భూభౌతికపరిశోధనసంస్థయు, 1977లో కణ, అణుజీవశాస్త్ర పరిశోధనకేంద్రమును నెలకొన్నవి. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1978లో నీ గ్రామములు రంగారెడ్డి జిల్లాలోనికిని, 2016లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనికిని జేరినవి. ఉప్పల్ కలాన్ పురపాలకసంఘము 2007లో మహానగరపాలకసంస్థలో లీనమైనది. 2017లో మెట్రోరైలు నడచినది. 2018లో ఉప్పలనుండి నారపల్లి వఱకు ఎత్తుబాట పని యారంభింపఁబడినది. నూటయేఁబదేండ్లలోపల వీథి ముఖము ఇన్నిమార్లు మాఱినది.

ఈ మార్పులలోఁ గచేరిపేళ్లకు భయము లేదు. ఖాల్సా, బాగాయతు, కలాన్ అనునవి దస్తావేజులలోఁ బదిలముగా నుండును. వీథిలోఁ బుట్టిన పేళ్లకే యపాయము. అవి యే లెక్కలోను వ్రాయఁబడలేదు. పలుకువారి తోడనే పోవును. వాడ పోయి కాలనీ వచ్చును. కుంట పోయి నగర్ వచ్చును. హెచ్.ఎం.టి. నగర్ వంటి పేరు తన కాలపు కార్ఖానాను జెప్పును గావున నదియు నొకనాఁటికిఁ జరిత్రమే యగును. కాని యెచ్చటి నేలకైనను సరిపోవు పేరు ఏ నేలను గుఱించియుఁ జెప్పదు.

ఇది పండితుల వినోదమునకుఁ జెందిన మాట మాత్రమే గాదు. చెఱువులోపలి నేలకుఁ దెలంగాణపు లెక్కలలో శిఖమని పేరు. ఎచ్చట శిఖమో యెచ్చట పట్టాయో తేల్చుట కిప్పుడు పాతపటములను బరిశీలించుచున్నారు. 2024లో నేర్పడిన హైడ్రా సంస్థ నగరపుఁ జెఱువుల యెల్లలను దేల్చు పనిని జేపట్టినది, ఉప్పల నల్లచెఱువును బాగుచేయు పనియు వానిలోనిదే. పటములో గీఁత యరిగిన చోట, తూము పేరు, అలుగు పేరు, కట్టమైసమ్మ గుడి తావు తెలిసినవారు దొరకినచో గీఁత మరలఁ దేఱును. ఆ పేళ్లు మఱచిపోయిన నాఁడు చెఱువును బోయినట్లే; వానకాలమున నీరు మాత్రము తన పాతచోటును మఱవక యిండ్లలోనికి వచ్చును.

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన పరిశోధకమండలి 1935లో తెలంగాణాశాసనముల ప్రథమభాగమును బ్రకటించినపుడు, ఱాళ్లపై నున్న యక్షరములు మాయమగుటకు ముందే ప్రతులు దీయవలె నను నాత్రము దానికిఁ బ్రేరకమైనది. నోటిపేళ్లకు నట్టి సంకలనమే యిప్పుడు కావలసియున్నది. దానికి గొప్ప సాధనము లక్కఱలేదు. ప్రతి పాఠశాలలోని యుపాధ్యాయుఁడును విద్యార్థుల చేత వారి తాతల నడిగించి వాడలు, గడ్డలు, కుంటలు, బావులు, తోవలు, గుడులు వీని పేళ్లను ఉచ్చరించినవి యుచ్చరించినట్లే వ్రాయించుట మొదటి పని. వినఁబడిన యరసున్నను, ఒత్తును, దీర్ఘమును దిద్దకుండుట రెండవ పని. బాగాయతును భగాయత్ చేసినది దిద్దుబాటే గదా. అర్థమును జెప్పుటకుఁ దొందరపడక, ఒకే పేరుగల యూళ్లను వరుసఁ బేర్చుట మూఁడవ పని. ఉప్పలలో వేయేండ్ల నాఁటి శాసనము దొరకినను దొరకకున్నను, బీరప్పగడ్డ మెఱకయై యున్నదనియు, బాగాయతు తోటయై యుండెననియుఁ జెప్పఁగల వృద్ధులు మాత్రము ఏఁటేఁట తగ్గుచున్నారు.